వెంకటవ్వ కొత్త నేల

బాబురావు దుకాణంలో ఉన్న ఒక్క డిజైనూ సాంబన్నకు నచ్చలేదు. నచ్చకుండా ఉండడానికి అతను పొద్దుటి నుంచీ నానా తంటాలు పడుతున్నాడు.

"ఈ ఎర్రపూలది తీసుకోరాదు?" అన్నాడు బాబురావు, చుట్ట విప్పి పరుస్తూ. సిరొంచ బస్టాండు పక్కన కొత్తగా పెట్టిన దుకాణం అతనిది. మట్టినేల మీద పరిస్తే గచ్చులా మెరిసే వినైల్ షీట్లు చంద్రపూర్ నుంచి తెప్పించి, తాలూకా మొత్తానికి తానే నాగరికత పంచుతున్నంత దర్జాగా అమ్ముతున్నాడు.

"పూలుంటే పసిపిల్ల తెంపబోయి గోర్లు ఇరగ్గొట్టుకుంటది."

"అయితే ఈ పచ్చది?"

"గడ్డి అనుకొని బర్రె ఇంట్లకొస్తది."

"చెక్క డిజైను చూడు మరి."

"చెదలు పడ్తయి."

"ప్లాస్టిక్‌కు చెదలేందయ్యా!" బాబురావు నెత్తి కొట్టుకున్నాడు.

పక్కన బల్ల మీద కూర్చున్న వెంకటవ్వ మాత్రం కొడుకునే చూస్తోంది.

అసలు ఈ షీటు ఆలోచన ఆమెదే. కోడలు లింగక్క కాన్పుకి అంకిసలోని పుట్టింటికి వెళ్ళింది. ఆడపిల్ల పుట్టింది. వచ్చే వారం తల్లీపిల్లా ఇంటికి వస్తున్నారు. "పసిదాన్ని పేడనేల మీద పండబెడ్తమా? షీటు ఏద్దాం. దానికంటె ముందు గుమ్మి పక్కన పాతిన నా కాళ్ళ కడియాలు తీస్త. కోడలు గడప దాటంగనే దాని కాళ్ళకు పెడ్త" అంది ఈమధ్యనే. ఆ మాట విన్నప్పటి నుంచి సాంబన్నకు ముద్ద దిగడం లేదు.

ఎందుకంటే ధాన్యపు గుమ్మి పక్కన కడియాలు లేవు.

పోయిన ఏడు శివరాత్రికి అత్తాకోడళ్ళు పడవెక్కి కాళేశ్వరం వెళ్ళిన రోజు, వాటిని తవ్వి తీసింది సాంబన్నే. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క కంసాలి నర్సన్నకు అమ్మేసి టేప్ రికార్డర్ కొన్నాడు. తునికాకు కల్లంలో కట్టల లెక్క రాసే తన మున్షీ పని మెచ్చి కాంట్రాక్టరు ఇచ్చాడని ఇంట్లో కోతలు కోశాడు. గుంట పూడ్చి, ఆ చోటంతా పేడతో అలికాడు కూడా. ఆడవాళ్ళలాగే అర్ధచంద్రాలుగా చెయ్యి తిప్పుతూ అలికి, తన పనితనానికి తానే మురిసిపోయాడు.

షీటు పరవకపోతే తవ్వడమూ ఉండదు. అందుకే ఈ వంకలన్నీ.

చివరికి వెంకటవ్వే లేచింది. "ఆ నీలిగళ్ళది పక్కకు పెట్టు బాబురావ్. శనివారం ఇంటికొచ్చి కొలుచుకొని కొయ్యి. మావోని మాటలు వింటే నా మనుమరాలు పెండ్లీడుకొస్తది."

బాబురావు ఇచ్చిన నమూనా ముక్కను సాంబన్న నీరసంగా తల్లి చేతికి అందించబోయాడు.

"ఎడమచేత్తోనేందిరా? ముప్పయ్యేండ్లొచ్చినా నీ అలవాటు పోదా?" అని కసిరింది ఆమె.

మర్నాడే సాంబన్న టేప్ రికార్డర్‌ను సంచిలో దాచుకుని నర్సన్న ఇంటికి పరుగెత్తాడు. అదృష్టం బాగుంది. కడియాలు ఇంకా అలాగే ఉన్నాయి.

"టేపు ఒక్కటిస్తే ఎట్ల? నీ సైకిల్ గూడ ఇడ్శిపెట్టు" అన్నాడు నర్సన్న తాపీగా.

"జర దయ చూడన్నా!"

"దయ చూసే కద, ఇన్ని దినాలు కరిగియ్యలే."

సైకిలూ పోయింది. శుక్రవారం మధ్యాహ్నం తల్లి చేనుకు పోగానే సాంబన్న కడియాలను పాత గుడ్డలో చుట్టి, అదే చోట పాతి, మళ్ళీ శుభ్రంగా అలికాడు. చేతులు కడుక్కుని, చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాడు.

శనివారం పొద్దున వెంకటవ్వ గడ్డపార పట్టింది. నాలుగు పోట్లకే మూట బయటపడింది. కడియాలను కొంగుతో తుడిచి, వాకిట్లోని ఎండకు ఎత్తి చూసుకుంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది చూసి సాంబన్నకు సిగ్గేసింది. బతుకులో ఇంకెప్పుడూ ఇలాంటి పాడుపని చెయ్యనని ఆ క్షణమే లోపల ఒట్టు పెట్టుకున్నాడు.

"తీసినవు కదవ్వా. ఇగ నేను పోయి బాబురావును తోల్కొస్త."

"పోయి వద్దని చెప్పిరా. షీటు నాకు ఎన్నడూ అక్కర లేకుండె. సైకిల్ లేదు కద, జర ఎండ ముదరకముందే నడ్శిపో."

గడప దాటబోతున్న సాంబన్న గిరుక్కున వెనక్కి తిరిగాడు. "సైకిల్ సంగతి... నీకెవలు చెప్పిన్రు?"

"ఇంకెవలు, నర్సన్నే. శివరాత్రి తెల్లారే పోయి, కడియాలు కరిగియ్యకుమని ఆయినకు చెప్పొచ్చిన. నువ్వే వచ్చి నోరు తెరుస్తవని ఏడాది పొడుగూత చూసిన, బిడ్డా."

"నేనే తీసిన్నని నీకెట్ల ఎరుకయింది?"

వెంకటవ్వ కడియాలను కొంగున ముడేసుకుని, గుంట పక్కన నిన్న ఆరిన అలుకును వేలితో చూపించింది.

"ఆ షీటు మీదైతే చేతి జాడ పడదురా. అలుకైతే, అలికింది కుడిచెయ్యో ఎడమచెయ్యో గడప కాడ్నుంచే తెలుస్తది."