పెద్దక్క స్టూలు

“పెద్దక్కా, స్టూలు! గడకర్ర దిగుతున్నాడు!”

బిల్లు కౌంటరు అమ్మాయి గొంతు వినగానే పెద్దక్కకి పైప్రాణాలు పైనే పోయాయి. కూర్చున్న పొట్టి స్టూలును కాలితో చెప్పుల అర కిందికి తోసేసి, రెండు మోకాళ్ళూ నేలకానించి కస్టమర్ పాదానికి బూటు తొడగసాగింది. నేల తగలగానే “అమ్మో” అనబోయి, “అమ్మగారికి సరిగ్గా సరిపోయింది” అని సర్దుకుంది.

ఆ చెప్పుల షాపులో అమ్మేవాళ్ళు కూర్చోకూడదు. కస్టమర్ లేనప్పుడు నిలబడాలి, ఉన్నప్పుడు మోకాళ్ళ మీద ఉండాలి. యజమాని పెట్టిన రూలు అది. పోయినేడు కస్టమర్ ముందు కింద కూర్చుని లేవలేకపోయిన పాత సేల్స్‌మన్‌ని ఆ మహానుభావుడు ఆ రోజే ఇంటికి పంపేశాడు. ఆ రూలును కాపలా కాసేవాడు సూపర్‌వైజరు. మనిషి పొడుగు, ఎప్పుడు చూసినా నిటారు. అందుకే గడకర్ర అయ్యాడు.

ఆయన మెట్లు దిగడమే ఒక తతంగం. మెట్ల పక్క కమ్మీ మీద అరచెయ్యి ఆనించి, ఒక్కో మెట్టు దగ్గరా ఆగుతూ దిగుతాడు. దిగాక అరచెయ్యి తిప్పి చూసుకుంటాడు, దుమ్ము అంటిందేమోనని. తుడిచే ఆవిడకి ఆ చెయ్యంటేనే హడలు. భోజనం కూడా కిటికీ గట్టు మీద బాక్సు పెట్టుకుని నిలబడే కానిస్తాడు. పై గదిలో ఆయన కుర్చీ నిండా అట్టపెట్టెలే. ఒకప్పుడు ఇదే వరుసలో చెప్పులు తొడిగినవాడు, ఇప్పుడు ఎంత పెద్ద కస్టమర్ వచ్చినా వంగడు.

“పదవొచ్చింది కదక్కా, వెన్ను బిగిసింది,” అని బిల్లు అమ్మాయి మూతి తిప్పుతుంది.

ఇవన్నీ చాలవన్నట్టు రోజూ షాపు తెరవగానే ఒక ఉపన్యాసం. “నొప్పులు ఊరికే రావు. అన్నీ మీ అలవాట్లే! టీవీ ముందు చతికిలబడతారు, నడవరు, వేళకి పడుకోరు. నన్ను చూడండి!”

అందరూ చూసేవాళ్ళు. చూడక చస్తారా?

ఇవాళ కిందికి రాగానే ఆయన జేబులోంచి పెన్ను జారిపడింది.

“పెద్దక్కా, అది తియ్యి.”

తన కాళ్ళ దగ్గరున్న పెన్ను! ఒళ్ళు మండినా పెద్దక్క వంగి తీసింది. మోకాళ్ళు పటపటమన్నాయి.

“ఏంటా చప్పుడు?”

“అట్టపెట్టె సార్.”

దగ్గర్లో కదిలిన అట్టపెట్టె ఏదీ లేదు. ఆయన ఆమె మోకాళ్ళ వంక కాసేపు చూశాడు. అర కిందనుంచి తొంగిచూస్తున్న స్టూలు కాలు వంక ఇంకాసేపు చూసి ముందుకు నడిచాడు.

భోజనం చేసి వచ్చేసరికి స్టూలు మాయం.

“నాచేతే తీయించాడక్కా,” అంది బిల్లు అమ్మాయి బిక్కమొహంతో. “పైకి పట్టుకుపోయి చాలాసేపయింది. ఇప్పుడే ఫోన్ చేశాడు. నిన్నొక్కదాన్నే రమ్మన్నాడు.”

మూటలు మోసే పెద్దక్క మొగుడు నడుం నొప్పి ఎవరికీ చెప్పకుండా దాచి దాచి, ఆఖరికి మంచాన పడ్డాడు. అప్పటినుంచి ఇల్లు గడిచేది ఈమె జీతం మీదే. పైకి వెళ్ళేముందు మొగుడికి ఫోన్ చేసింది.

“నాలా దాచకే. ఉన్నదున్నట్టు చెప్పెయ్. ఏదైతే అదవుతుంది,” అన్నాడాయన.

కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టు ఎక్కింది. కమ్మీ అద్దంలా మెరుస్తోంది. దుమ్మన్నదే లేదు.

“తలుపు వేసి రా,” అంది లోపలి గొంతు.

గడకర్ర కూర్చుని ఉన్నాడు! అదీ ఆమె పొట్టి స్టూలు మీద, మోకాళ్ళు గడ్డం దాకా వచ్చేలా. ఇంకోరోజైతే పెద్దక్కకి నవ్వు ఆగేది కాదు.

“ఇది నీదేనా?”

“నాదే సార్. కింద కూర్చుంటే లేవలేకపోతున్నాను. రాత్రిళ్ళు మోకాళ్ళు కుంపట్లవుతున్నాయి.”

“నేను రోజూ చెప్పే అలవాట్లు...”

పెద్దక్కలో ఏదో తెగింది. “అన్నీ పాటించాను సార్! నడిచాను. వేళకి పడుకున్నాను. బరువూ తగ్గాను. పొద్దస్తమానం కింద కూర్చుని లేచే అలవాటొక్కటే మానలేదు. మానితే జీతం ఇవ్వరుగా! మీకేం, గడకర్రలా నిలబడతారు, మా నొప్పి మీకేం తెలుస్తుంది?”

అనేసి నాలుక కరుచుకుంది. ఉద్యోగం పోయిందనే అనుకుంది.

ఆయన తిట్టలేదు. స్టూలు మీది మెత్తను వేళ్ళతో తడిమాడు. “ఇది ఎవరు కుట్టారు?”

“మా ఆయన.”

“ఇలాంటివే వరుసకొకటి కావాలి. కుడతాడేమో అడుగు. ఇకనుంచి అందరూ స్టూలు మీదే కూర్చుని చెప్పులు తొడుగుతారు.”

“యజమాని ఒప్పుకుంటారా సార్?”

“షాపుకి కొత్త అలవాటు చేస్తున్నానని చెప్తా. ఒప్పుకోకపోతే ఆ తిట్లు నావి.”

పెద్దక్క కళ్ళు నిండాయి. ఇన్నాళ్ళూ ఈయన్ని ఎన్ని మాటలనుకుందో తలుచుకుని సిగ్గుపడింది. కింద కస్టమర్లు వచ్చిన సందడి వినిపించి, కొంగుతో మొహం తుడుచుకుంది.

“మరి స్టూలు తీసుకెళ్తాను సార్. కాస్త లేవండి.”

ఆయన లేవలేదు. మూసిన తలుపు వంక ఒకసారి చూసి, పొడవాటి చెయ్యి ఆమె వైపు చాపాడు.

“కూర్చున్నాను గానీ పెద్దక్కా, లేవలేకపోతున్నాను.”