ఐతారం గీతలు

పులుపు ఐతారానికి ఒక్కటంటే ఒక్కటే గీత పడింది.

బర్రెల కొట్టం తలుపు మీద సున్నంతో గీసిన ఆ ఒంటి గీతను చూసి రుక్మాబాయికి ఏడుపొచ్చినంత పనైంది. చింతచిగురు పప్పు, పచ్చిపులుసు, నిమ్మకాయ అన్నం! రాత్రి ఇంటిల్లిపాదీ వేళ్లు నాకారు. పెనిమిటి అంజన్ మూడుసార్లు అడిగి మరీ వడ్డించుకున్నాడు. మరి మామ మొగులయ్యకు ఏం మాయరోగమొచ్చింది?

"ఏం చెల్లే, ఒక్కటేనా?" వెనక నుంచి తోడికోడలు బాలమ్మ పలకరించింది. "పోయిన ఐతారం నా జొన్న గటకకు ఆరు పడ్డయ్. యాదికున్నదా?"

"నీ గటక ఎవ్వలన్న తిన్నరా అక్కా? కుండకు కుండ అట్లనే మిగిలె."

"తిన్నరా లేదా కాదు. బాపు గీసిండా లేదా, గది చెప్పు."

అదీ నిజమే. జహనుమా బస్తీలో సగం గడపలకు పాలు పోసే మొగులయ్య మాటంటే మాటే. మూసీ వరదొచ్చి ముప్పై ఏళ్లు దాటింది, ఆ వరదప్పుడు కూడా వాడిక ఇళ్లకు పాలు తప్పించలేదట ఆ మొండిమనిషి. అత్త పోయాక ఇంటి పెత్తనమంతా ఆయనదే. వినాయక చవితి వెళ్లిన వారానికి కోడళ్లిద్దరినీ పిలిచాడు.

"ఇప్పటికెళ్లి ఐతారం రాత్రి అందరం కల్సి కూసోవాలె. ఒక ఐతారం అన్నీ జొన్నలయే వండాలె. ఇంకో ఐతారం పులుపు. ఆ పై ఐతారం బెల్లం. మళ్ల జొన్నలు. ఒకరి తర్వాత ఒకరు వండుండ్రి. ఎనిమిది మందిమి ఉంటే ఇరవై మందికి వండాలె. మిగలాలె."

"మిగిలితే ఏం చెయ్యాలె బాపూ?" అంది రుక్మాబాయి.

"కుడితిల పోయుండ్రి. గది గూడ చెప్పాల్నా?"

అంతే. ప్రతి సోమవారం పొద్దున్నే తలుపు మీద గీతలు తేలేవి. వంటకు మార్కులని బాలమ్మ తేల్చేసింది. కాదని ఎవరూ అనలేదు, ఆయన్ని అడిగే గుండె ఎవరికుంది?

ఒంటి గీత పడిన రెండ్రోజులకు ఆయన చార్‌కమాన్ వెండి బజారుకు పోయొచ్చి, అరుగు మీద చతికిలబడి మరో ముక్క చెప్పాడు. "వెండి గొలుసు చేయనిచ్చిన. పది గీతలు దాటనీ, దీపావళి తెల్లారి మెడల ఏస్త."

రుక్మాబాయి ఆ రాత్రి నిద్రపోలేదు. ఆమె తండ్రి దబీర్‌పురా స్టేషన్లో పనిచేసేవాడు. పుట్టింట్లో పశువన్నదే లేదు. కాపురానికొచ్చి రెండేళ్లయినా బాలమ్మ నోట ఆమె "రైలు పిల్ల"గానే ఉండిపోయింది. వెండి మీద ఆశ ఉంది, లేదని ఎవరన్నా అంటే అబద్ధం. కానీ అందరి ముందూ మామ చేతి గొలుసు మెడలో పడితే తను ఈ ఇంటి మనిషైపోతుంది. ఆమెకు కావలసింది అది.

మరుసటి ఐతారం బాలమ్మ బెల్లం కుడుములు చేసింది. రాళ్లు నయం. బావ గుండయ్య పన్ను ఒకటి కదిలింది. తెల్లారి చూస్తే ఏడు గీతలు!

అప్పుడు రుక్మాబాయికి జ్ఞానోదయమైంది. మామకు మోటు తిండి ఇష్టం! తన వంతు రాగానే జొన్నలు విసరకుండా, పొట్టు కూడా తీయకుండా ఉడకేసింది. ఎనిమిది గీతలు. పులుపు పేరెత్తితే మొగులయ్య మండిపడ్డాడు. "పులుపు బంద్! పెద్ద నష్టమైంది. దాని జాగల ఉలవలు పెట్టుండ్రి." బాలమ్మ ఉలవలు కాచి, ఉప్పు రాయి వేసి దించింది. తొమ్మిది.

గుండయ్య ఐతారం సాయంత్రమే ఇరానీ హోటల్లో తినొస్తున్నాడని తెలిసింది. అంజన్‌కు ఆ దారీ లేదు, పెళ్లాం ఎదురుగా కూర్చుని తినిపిస్తుంది.

"గిది ఐతారమా, శిక్షనా? నా దవడలు గుంజుతున్నయే!"

"ఇంకొక్క ఐతారం ఓపిక పట్టు. నా ఇజ్జత్ కా సవాల్."

మొగులయ్య మాత్రం రెండు ముద్దలు మింగి లేచేవాడు. మిగిలిన కుండలు ఎవరినీ ముట్టనివ్వకుండా తానే కొట్టంలోకి ఎత్తుకుపోయేవాడు. పెద్దతనంలో ఎంత కష్టపడుతున్నాడని రుక్మాబాయి మనసు కరిగిపోయేది.

దీపావళి ముందరి ఐతారం ఆమెది, బెల్లం వంతు. తవుడు రొట్టెలు, బెల్లం పాకంలో నానేసిన పెసర పొట్టు, గంజి నీళ్లు. అంజన్ ఒక ముక్క కొరికి, దండం పెట్టి లేచిపోయాడు. కుండలన్నీ నిండుగా మిగిలాయి.

సోమవారం పొద్దున ఆమె వేలుపెట్టి లెక్కపెట్టింది. ఒకసారి కాదు, మూడుసార్లు. పన్నెండు!

దీపావళి తెల్లారి అందరూ వాకిట్లో చేరారు. రుక్మాబాయి తలంటుకుని, పట్టుచీర కట్టి, మెడ మీది పూసలదండ తీసి లోపల పెట్టి వచ్చింది. మొగులయ్య ఎర్ర గుడ్డ విప్పగానే గొలుసు ఎండకు తళుక్కుమంది.

బాలమ్మ ఉండబట్టలేకపోయింది. "బాపూ, గీతలు తప్పు పడలే గద?"

"తప్పెట్ల పడ్తయ్? నా చేతులతోని కొలిచి గీసిన. పన్నెండు! నా ఉమర్ల చూడలే." రుక్మాబాయి తల మీద చెయ్యి వేశాడు. "అంత నీ పుణ్యమే బిడ్డా."

ఆమె కళ్లు నిండాయి. కొంగు సవరించుకుని, మెడ వంచి నిలబడింది.

మొగులయ్య ఆమెను దాటుకుని కొట్టంలోకి పోయి, గొలుసు పన్నెండు శేర్ల పాలిచ్చిన బర్రె మెడలో వేశాడు.