పొంగిన పిండి

ఇంటి ఫొటోలూ మాటలూ సర్కారు సర్వర్లోనే దాచాలి, సొంత సర్వరు దొరికితే జైలే అన్నారు. అయినా ఆదిలాబాదులో సుగుణ పాత లాప్‌టాప్ భాగాలతో ఒకటి బిగించుకుంది. చప్పుడవుతుందని, వేడెక్కినా సరేనని ఫ్యాను పీకేసి, వంటింటి అలమరలో పెట్టి, కనబడకుండా పైన ఇడ్లీపిండి గిన్నె ఉంచింది.

డిసెంబరు పొద్దున తనిఖీ అధికారి వచ్చాడు. ఇల్లంతా గాలించాడు. అలమర తెరిచి, పిండిగిన్నె చూసి మూసేశాడు. సుగుణకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. ఆ సంబరంలో, "ఇంత చలిల వచ్చిండ్రు, తినిపోండ్రి సార్" అంటూ ఆ పిండితోనే వేసిన వేడివేడి ఇడ్లీలు వడ్డించింది.

అతను ఒక ముక్క నోట్లో పెట్టుకుని, నమలడం ఆపాడు.

"దూదిలెక్క ఉన్నయమ్మా. ఈ చలికి మా ఇంట్ల మూడొద్దులైనా పిండి పొంగుతలేదు."

ప్లేటు పక్కన పెట్టి లేచాడు.

"ఆ గిన్నె ఒక్కసారి దించుండ్రి."