బొగ్గులపేటకు పచ్చదీపం

ఒకప్పుడు బొగ్గులపేట పేరు చెబితే ఆటోవాళ్ళు బేరం కూడా ఆడకుండా పారిపోయేవారు. ఇప్పుడు ఆటోలూ కార్లూ వాటంతటవే నడుస్తాయి, డ్రైవర్లే లేరు. వీధి మొదట్లో కన్నూ చెవీ ఉన్న దీపస్తంభం ఒకటి పాతారు. అది పచ్చగా వెలిగితే బండ్లు లోపలికొస్తాయి. వీధిలో గొడవేదైనా పసిగట్టి ఎర్రబడితే తలుపులు బిగించేసి, వచ్చినవాళ్ళను వచ్చినట్టే వెనక్కి తీసుకుపోతాయి.

"ఈసారి గానీ ఎర్రబడిందా వదినా, మా ఆయన ఇంకెప్పుడూ నన్ను పుట్టింటికి పంపడు" అంది కుసుమతో ఆడపడుచు వసుంధర ఫోన్లో.

ఉదయం నుంచీ కుసుమకు కాలు నిలవలేదు. పంపు దగ్గర తగువులన్నీ సాయంత్రానికి వాయిదా వేయించింది. చేపల మంగాయమ్మ పాపం, గుమ్మం గుమ్మానికీ వెళ్ళి "చేపలమ్మా" అని చెవిలో చెప్పింది.

కారు మలుపు తిరిగి గుమ్మం ముందు ఆగింది. దీపం పచ్చగానే ఉంది. కుసుమ ఊపిరి పీల్చుకుని పక్కకు చూస్తే, అత్తగారు పళ్ళెంలో ఎర్రనీళ్ళతో ఎదురెళ్తోంది.

"అత్తయ్యా, వద్దు!"

"ఇన్నేళ్ళకొచ్చిన పిల్లకి దిష్టి తీయొద్దా?" అని ఆవిడ కారు కిటికీ ముందు మూడుసార్లు తిప్పి, నీళ్ళు రోడ్డు మీద పారబోసింది.

ఆ ఎర్రటి మడుగు చూసి స్తంభం ఏమనుకుందో చెప్పనక్కర్లేదు. దీపం ఎర్రబడింది. అద్దానికి అరచేతులు ఆనించి "అమ్మా!" అంటున్న వసుంధరతో సహా కారు వెనక్కి వెళ్ళిపోయింది.

అత్తగారు ఖాళీ పళ్ళెం కోడలి చేతిలో పెట్టింది.

"చూశావుటే, పిల్లకెంత దిష్టి ఉందో! మళ్ళీ కలుపు. ఈసారి ముందు ఆ స్తంభానికే తీస్తాను."