గొట్టం కింద బకెట్

“ఏం ఫిల్టరు పెడితివి తమ్మీ? నెలనాళ్ళుగా మా అత్తకి కడుపునొప్పి తగ్గలేదు!” సుధాలక్ష్మి మెకానిక్ సరవణకుమార్ మీద విరుచుకుపడింది.

అతను ఫిల్టరు నీళ్ళు పట్టి పరీక్షించాడు. “నీళ్ళు బాగుండాయక్కా. కోవిల్‌పట్టి అంతా ఇదే పెడితిమి, ఒకరూ గొణగలేదు.”

“బాగుంటే నొప్పెందుకి?”

అంతలో అత్త జానకియమ్మాళ్ వంటింట్లోకి వచ్చింది. ఫిల్టరు వదిలేసే నీళ్ళు సన్న గొట్టంలోంచి బకెట్లోకి కారుతున్నాయి. అందులో చెంబు ముంచి గటగటా తాగింది.

“అవ్వా! అది ఉప్పంతా చేరిన నీళ్ళు! మోరీకి విడవమంటిని కదా!” సరవణకుమార్ అరిచాడు.

సుధాలక్ష్మికి ఒళ్ళు మండింది. “నీకేం తక్కువ చేస్తిమి అత్తా? మంచినీళ్ళుండగా ఇదెందుకి తాగుతావు?”

అత్త గొంతూ లేచింది. “ఒక చెంబు మంచినీళ్ళకి మూడు చెంబులు మోరీకి పోతాది. కుళాయేమో పదిదినాలకొక మాటు! నేనూ ఆ మంచినీళ్ళే తాగితే ఇంకెన్ని పారబొయ్యాల? అవి బిడ్డలు తాగనీ.”

సుధాలక్ష్మి ఆ చెంబు లాక్కుని, మిగిలిన నీళ్ళు కుమ్మరించడానికి విసురుగా మోరీ దగ్గరికి వెళ్ళింది.

కుళాయి మళ్ళీ వచ్చేది వచ్చే బుధవారమే.

అంత కోపంలోనూ చెంబు వంచడానికి ఆమెకి చెయ్యి రాలేదు.