డాన్యూబ్ ఒడ్డున బెంచీ

"మళ్ళీ ఆ బెంచీ దగ్గరే ఆగారా? ఇంక వంతెన చూసినట్టే!" అంది విమలకుమారి భర్తతో.

రత్నరాజు ట్రెడ్‌మిల్ ఆపి, కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. ఎదురుగా టీవీలో బుడాపెస్ట్. డాన్యూబ్ నది ఒడ్డున ఎవరో నడుస్తూ తీసిన వీడియో. ఆగకుండా అందులో వంతెన వచ్చేదాకా నడవగలిగితేనే నిజంగా ఆ ఊరు వెళ్ళడానికి డాక్టర్ ఒప్పుకుంటాడు. గుండె ఆపరేషన్ అయ్యాక, అమెరికాలో, షామ్‌బర్గ్‌లోని తమ ఇంటి బేస్‌మెంట్‌లో రోజూ ఇదే షికారు. రోజూ ఆ పాత ఇనుప బెంచీ రాగానే ఆగిపోతాడు.

అతను ఎక్కడ పడిపోతాడోనని, ఆస్పత్రిలో నైట్ డ్యూటీ చేసి వచ్చి నర్సు బట్టలైనా మార్చకుండా వెనకే నిలబడుతుంది ఆమె. ఇప్పుడు విసుగ్గా కుర్చీలో కూలబడి అతని మొహం చూసింది. చెమటైనా పట్టలేదు.

"నిజం చెప్పండి. ఆయాసమా, బద్ధకమా?"

"రెండూ కాదు. నేను ఆగితేనేగా నువ్వు కూర్చునేది."

విమల తను కూర్చున్న కుర్చీ వైపు చూసుకుంది.

"కూర్చోమని నోటితో చెప్పొచ్చుగా?"

"చెప్పాను. 'నర్సుకే చెప్తున్నారా' అని కసిరావు."

నిజమే, కసిరింది. ఆమె బూట్లు విప్పి, కుర్చీని ట్రెడ్‌మిల్ పక్కకి లాక్కుని, వీడియోని మొదటికి తిప్పింది.

"స్టార్ట్ చేయండి. కూర్చునే చూస్తా. పడితే మాత్రం లేపను."

"అలాగేనమ్మా."

తెరమీద బెంచీ వచ్చింది, వెనక్కి పోయింది. వంతెన వచ్చిందో లేదో విమల చూడలేదు. కళ్ళు మూతలు పడుతుంటే, అతని అడుగుల చప్పుడు మాత్రం ఆగకుండా వినిపిస్తూనే ఉంది.