పద్నాలుగో అంతస్తు

తప్పులుంటే దిద్దుకుని చదవండి. అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి, చెయ్యి ఇంకా నెమ్మదే.

“ఆగకమ్మా! ఇంకా రెండంతస్తులే!”

వీపున ఐదు కిలోల బియ్యంతో సుభద్ర సెంగ్‌కాంగ్ పేటలోని అపార్ట్‌మెంటు బ్లాకు మెట్లెక్కుతోంది. ముందు కూతురు కాత్యాయని, వెనక అల్లుడు బాలు. కొండల్లేని ఊళ్లో బాలు సాధనంతా ఈ మెట్ల మీదే. వచ్చే నెల నేపాల్‌లో మంచుకొండ ఎక్కబోతున్నాడు.

సుభద్ర చేతికున్నది కాత్యాయని ఆఫీసులో తయారవుతున్న గడియారం. గుండెనీ ఊపిరినీ కనిపెట్టి, ప్రమాదమైతే వాలు మీద వంగిన మనిషి బొమ్మ చూపిస్తుంది. కింద, బాలు అడిగి పెట్టించుకున్న తెలుగు మాట.

“పైన గాలి చాలక అక్షరాలు అలుక్కుపోతాయి. అప్పుడు బొమ్మే చెప్పాలి,” అంది కాత్యాయని. “ఆఫీసులో మాట మూసి చూపిస్తే ఒక్కరూ చెప్పలేకపోయారు. నీకైతే చదువు రాదు, మూసే పనే లేదు.”

“నా ప్రాణం అత్తయ్య చదువు మీదుందన్నమాట!” బాలు నవ్వాడు. “రోజూ మధ్యాహ్నం పక్కింటి శ్యామలాదేవి ఆంటీ దగ్గర భజనలేగా, నా పేరునా ఒకటి పాడండి.”

సుభద్ర తడబడింది. “అలాగే బాబూ.”

పద్నాలుగో అంతస్తులో గడియారం వణికింది. కళ్లు బైర్లు కమ్ముతుండగా ఆమె తెర దగ్గరకు లాక్కుని చూసింది.

“దిగమంటోంది.”

కాత్యాయని తల్లిని వాటేసుకుంది. “ఆ బొమ్మ తీసేద్దామనుకున్నానమ్మా! ఇంక మార్చను.”

సుభద్ర ఏదో చెప్పబోయింది. మూడు వారాల తర్వాత మొదటిసారి కూతురి మొహంలో నవ్వు చూసి, ఊరుకుంది.

బాలు కొండ దిగలేదు.

అతనితో వెళ్లిన మహీధర్ గడియారం తెచ్చి బల్ల మీద పెట్టాడు. “నేను కింద గుడారంలో ఉన్నానాంటీ. వాడి మాట ముద్దగా వస్తుంటే, గడియారం చూడరా అని వైర్‌లెస్‌లో అరిచా. ‘అక్షరాలు ఆనడం లేదు. బొమ్మ మాత్రం కొండెక్కుతోంది, ఎక్కమంటోంది’ అన్నాడు. అదే ఆఖరి మాట.”

కాత్యాయని తల్లి ఒళ్లో తల పెట్టుకుంది. ఆ రోజు నుంచీ ఒకటే ప్రశ్న.

“చదువు రాని నీకే అర్థమైందే, ఆయనకెందుకు కాలేదమ్మా?”

ఆ రోజు మెట్ల మీద సుభద్ర బొమ్మను చూడనే లేదు, భజనల వంకన నేర్చుకున్న అక్షరాలతో కిందున్న ‘దిగు’ను చదివింది.

— సుభద్ర, అరవై మూడేళ్లు, ఇప్పుడూ సెంగ్‌కాంగ్‌లోనే, కూతురి దగ్గర.